పొగయింట్లో తెల్లబట్ట

ఆ రోజుల్లో మా మలేషియా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళి సంబంధం చూడటమంటే ఇంట్లో పోలీసు స్టేషను పెట్టుకున్నంత పని. ఉన్నవే గుప్పెడు కుటుంబాలు. తాతముత్తాతలు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి రబ్బరు తోటల పనికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. రబ్బరు పోయి పామాయిలు చెట్లు వచ్చి, కొన్నిచోట్ల అవీ పోయి ఫ్యాక్టరీలు వచ్చేసరికి మనవలు తలో ఊరికీ చెదిరిపోయారు. అందులో ఇంటిపేరు ఒకటి కాకూడదు, వరస కుదరాలి, పిల్లకు కాస్త తెలుగు ముక్క రావాలి. ఇన్ని జల్లెడలు పట్టాక మిగిలిన ఒక్క సంబంధాన్ని కళ్ళకద్దుకోవాలి కదా అని మీరనుకుంటారు. మా అమ్మమ్మ అలా అనుకునే మనిషి కాదు. "ఆ పిల్లనిన్నాళ్ళు ఎవులూ ఎందుకు సేసుకోలేదో ముందు అది సూడాల" అన్నది ఆవిడ మొదటి సూత్రం. (మరి మనవణ్ణి ఎవరూ ఎందుకు చేసుకోలేదో అని అడిగినవాళ్ళతో మాట్లాడటం మానెయ్యడం రెండో సూత్రం.)

అమ్మమ్మది సుంగై సిపుట్ అనే ఊరు. తాతయ్య పోయాక ఆ పాత తోట పక్క ఇంట్లో ఒక్కతే ఉంటూ, లోకంలో జరిగే ప్రతి విషయం వెనకా మరో విషయం ఉంటుందన్న నమ్మకంతో ఎంతో ఆరోగ్యంగా ఉండేది. కొబ్బరికాయ కొంటే ఊపి చూసి, చెవి దగ్గర పెట్టుకుని విని, చివరికి అమ్మేవాడి ముఖంలోకి చూసేది. టీవీలో రేపు వాన లేదంటే, వీడికి గొడుగుల కొట్టువాడితో ఏదో గొడవుందనేది. నాకప్పుడే బంటింగ్‌లో ఒక చేతితొడుగుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. మొదటి ఉద్యోగం, అద్దె గది, సెకండ్ హ్యాండ్ కప్‌చాయ్ (చిన్న మోటారు సైకిల్‌ని మా దేశంలో అలాగే అంటారు), ఎవరైనా చూస్తున్నారేమోనని మాటిమాటికీ దువ్వుకునే జుట్టు. సరిగ్గా అదే ఊళ్ళో ఒక తెలుగు సంబంధం ఉందని కబురొచ్చింది. పిల్ల దంతవైద్యుడి క్లినిక్‌లో పనిచేస్తుంది. తండ్రికి కుషన్ షాపు ఉంది, అంటే కార్ల సీట్లకూ సోఫాలకూ కొత్త తొడుగులు కుట్టే దుకాణం. ఊరంతా ఆయన్ని కుషన్ మావ అనేవారు. నాకు మామగారయ్యే మనిషి కాబట్టి నేను మొదటి నుంచీ మావయ్యా అనే పిలిచాను.

పెళ్ళిచూపులకు అమ్మమ్మ బస్సులో దిగింది. అమ్మా నాన్నా కూడా వచ్చారు గానీ, అమ్మమ్మ ఉన్నచోట వాళ్ళు కుర్చీలు నింపడానికే పనికొస్తారు. పిల్ల కాఫీ తెచ్చింది. నేను ఒక గుక్క తాగి ఏం మాట్లాడాలో తెలియక గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. "సక్కెర సాల్లేదా? మొహం అలగెట్టినారు" అంది ఆ పిల్ల, అందరి ముందూ, ఏమాత్రం సిగ్గు లేకుండా. నాకు అప్పుడే నచ్చేసింది. ఆ మాటకు నవ్వబోయి కాఫీ చొక్కా మీద ఒలకబోసుకున్నాను. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని ఆ మరక సాక్షిగా నిర్ణయం కూడా అయిపోయింది. ఇంక పెద్దవాళ్ళు ఒక్క మాట అనుకుంటే చాలు.

ఆ మాట రాలేదు. వెళ్ళొస్తామని లేచినప్పుడు మావయ్య వంగి అమ్మమ్మ కాళ్ళకు దండం పెట్టారు. అమ్మమ్మ దీవించడానికి చెయ్యెత్తి, ఎత్తిన చెయ్యిని గాల్లోనే ఉంచేసి, ముక్కు ఎగబీల్చింది. వీధి మలుపు తిరగ్గానే నన్ను పక్కకు లాగింది.

"ఆ మడిసి కాడ ఏటి వాసనొచ్చిందో కనిపెట్టినావేట్రా?"

"సెంటేమో అమ్మమ్మా."

"సెంటు కాదు. ఆడోళ్ళు గోళ్ళకి పూసుకునే రంగు వాసన. ఆయన గోళ్ళు సూసినాను, రంగు లేదు. మరైతే ఎవుల గోళ్ళకి పూసొచ్చినట్టు?"

నాకు నవ్వొచ్చింది. కానీ అమ్మమ్మ వాకబు మొదలుపెడితే మధ్యలో ఆగదు. క్లాంగ్‌లో బట్టల కొట్టులో పనిచేసే దూరపు చుట్టం ఒకావిడ ద్వారా, కుషన్ మావ అక్కడ తానులకు తానులు తెల్లబట్ట కొన్నాడన్న సంగతి లాగింది. ఆయన ప్రతి ఆదివారం పొద్దున్నే టిఫిను క్యారియరు కట్టించుకుని ఎటో వెళ్ళి చీకటి పడేవేళకు తిరిగొస్తాడనీ, షాపుకైతే వెళ్ళడనీ, మూతపడిన తోటలో పాడుబడ్డ పొగయింటి వైపు వెళ్తుండగా చూశామనీ ఇంకెవరో చెప్పారు. (పొగయిల్లంటే వెనకటికి రబ్బరు షీట్లను పొగబెట్టి ఆరబెట్టిన పొడుగాటి కొట్టం.) ఇవన్నీ కలిపి అమ్మమ్మ నాకు ఫోనులో వినిపించిన తీరు ఇప్పటికీ నాకు మాటమాటా గుర్తుంది. "అంచు లేని తెల్లబట్ట మనోళ్ళు ఎప్పుడు కొంటారో నీకు నాను సెప్పాలేటి? అది కూడా అన్ని తానులు. ఎంతమందికిరా అది? ఊరి బయట పాత కొట్టం, తలుపుకి తాళం. పేపర్లో సూస్తన్నాం కదా, అలాటి కొట్టాల్లోనే ఏటేటో మత్తుమందులు వొండి అమ్ముతన్నారంట. ఆ వొంటకి కూడా ఇలాటి వాసనే వొస్తాదంట. నువ్వెల్లి సూసి రా. సూసినదాకా నిశ్చితార్థం మాట లేదు."

"ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు అమ్మమ్మా?"

"ఎవులూ సూడకుండా సూడు. అది కూడా నానే సెప్పాలా?"

సరే, ఆదివారం వచ్చింది. కప్‌చాయ్‌ని పామాయిలు చెట్ల మధ్య పడుకోబెట్టి, ఒంగి ఒంగి నడుస్తూ పొగయింటి వెనక్కి చేరాను. కిటికీలకు లోపలి నుంచి పాత తమిళ పేపర్లు అంటించి ఉన్నాయి. అంత జాగ్రత్త చూసేసరికి నాకు కూడా అనుమానం పట్టుకుంది. ఒక చెక్కకూ ఇంకో చెక్కకూ మధ్య సందు దొరికితే కన్ను పెట్టాను. గుప్పుమని అదే గోళ్ళరంగు వాసన. లోపల సన్నటి చెక్క ఎముకలు వరసగా ఉన్న ఏదో పెద్ద కళేబరం, సగం వరకూ తెల్లబట్ట చుట్టి ఉంది. మిగతా సగానికి మావయ్య చుడుతున్నారు. ఆయన చేతిలో మూరెడు పొడవున్న సూది. ఆ సూదిని ఆ తెల్లటిదాన్లో సర్రున దించుతున్నారు. నాకు అమ్మమ్మ చెప్పిన ప్రతి ముక్కా నిజమేననిపించింది, చెప్పనివి కూడా నిజమేననిపించింది. పరిగెత్తడానికి వెనక్కి తిరగబోయాను.

"లోపలికి రా బాబు" అన్నారు మావయ్య, తల తిప్పకుండా. "నువ్వు నిలబడ్డ కాడ జలగలుంటాయి."

కిందికి చూస్తే అప్పటికే ఒకటి నా మడమ దగ్గర భోంచేస్తోంది. ఇంక దాక్కునేదేముంది, కుంటుకుంటూ లోపలికి వెళ్ళాను. ఆయన ముందు జలగ మీద ఉప్పు వేశారు, తరవాత నన్నొక పెట్టె మీద కూర్చోబెట్టారు, ఆ తరవాత అడిగారు.

"ఎవులు పంపినారు?"

"ఎవరూ పంపలేదు మావయ్యా. ఇటు వెళ్తూ..."

"ఇటు దారి లేదు బాబు. అమ్మమ్మేనా?"

"ఆఁ" అన్నాను.

ఆయన తల పంకించి, తన సంగతి కూడా చెప్పేశారు. నా మీద ఆయనకు అంతకు మించిన అనుమానమట. "మీ ఫ్యాక్టరీ కాంటీనుకి ఓపాలి వొచ్చినాను. నీ ఎనకాల బల్ల కాడే కూకున్నాను. నాసి లెమాక్ అన్నం తింటా, గుడ్డుని పక్కనెట్టి ఆఖర్న తిన్నావు. మంచిది దాసుకుని తినేవోడు ఇంకేటేటి దాస్తాడో అని ఆలోసిస్తన్నాను." ఇన్నాళ్ళూ నేనొక్కడినే గూఢచారిననుకున్నాను. నా వెనక బల్ల దగ్గర ఇంకొకాయన టోపీ పెట్టుకుని కూర్చున్నాడన్నమాట.

ఇంతకూ ఆ కళేబరం ఒక విమానపు రెక్క. మిగతా విమానం ఆ పక్కనే టార్పాలిన్ కింద ఉంది. ఏనాటిదో యుద్ధకాలంలో, సైన్యంలో చేరిన కుర్రాళ్ళకు ఎగరడం నేర్పడానికి వాడిన బుల్లి విమానమట. పైనొక రెక్క, కిందొక రెక్క, ముందు గురువుకొక సీటు, వెనక శిష్యుడికొక సీటు. క్లాంగ్‌లో పాత ఇనుప సామాను కొట్టులో తుక్కుగా పడి ఉన్నదాన్ని కౌలాలంపూర్ పెద్దమనిషి ఒకాయన కొని (అందరూ ఆయన్ని దాతో అనేవారు, అది మా దేశంలో బిరుదు), తన హాల్లో అలంకారంగా పెట్టుకోవాలని ముచ్చటపడ్డాడు. ఇంజను పని వేరేవాళ్ళకిచ్చి, బట్ట పని ఎవరు చేస్తారా అని వెతికితే, తన కారు సీట్లు కుట్టిన కుషన్ మావ గుర్తొచ్చాడట. ఆ రోజుల విమానానికి రేకు ఉండదు, చెక్క ఎముకల మీద బట్ట కట్టి, దాని మీద వార్నిష్ లాంటి ద్రావకం పూస్తే అది ఆరి డప్పులా బిగుస్తుంది. ఆ ద్రావకానిదే గోళ్ళరంగు వాసన.

"మరి ఇందులో దాచడానికేముంది మావయ్యా?"

"సోఫాలు కుట్టుకునేవోడు ఇమానం కుడతన్నాడంటే మనోళ్ళేటంటారు? పిచ్చెక్కిందంటారు. తండ్రికి పిచ్చంటే కూతురిక్కూడా ఉంటాదంటారు. ఇంట్లో దానికే సెప్పలేదు నాను. పిల్ల పెళ్ళి కుదిరినదాకా ఇది ఎవులికీ తెలవకూడదు. నువ్వు కూడా సెప్పనని సత్యం సెయ్యి." సంబంధం చెడకూడదని ఆయన దాచారు. దాచినందుకే అమ్మమ్మ సంబంధం వద్దంటోంది. ఈ ముడి మధ్యలో, నోరు విప్పడానికి లేకుండా నేను ఇరుక్కున్నాను. నెత్తిన చెయ్యి పెట్టించుకుని మరీ సత్యం చేయించుకున్నారు.

ఆ తరవాత నన్ను ఊరికే కూర్చోనివ్వలేదు. రెక్క కుట్టడం ఇద్దరి పని. రెక్కను అంచు మీద నిలబెట్టి, ఇటు ఒకరు అటు ఒకరు కూర్చోవాలి. ఇవతలివాడు సూది దించితే అవతలివాడు అందుకుని మళ్ళీ వెనక్కి పంపాలి. మధ్యలో బట్ట ఉంటుంది కాబట్టి ఒకరి ముఖం ఒకరికి కనబడదు. ఇన్నాళ్ళూ ఆయన ఒక్కరే అటూ ఇటూ తిరుగుతూ కుడుతున్నారట. నేనటు కూర్చున్నాను. సూదికి ఒక ప్రశ్న చొప్పున వచ్చింది. సిగరెట్టు తాగుతావా, సూది. జీతం అమ్మకిస్తావా, సూది. ఇంతకు ముందు ఇంకెవరినైనా చూశావా, సూది. జవాబు కాస్త ఆలస్యమైతే సూది ఇంకాస్త గట్టిగా వచ్చేది. ఒకసారి నా ముక్కుకు వేలెడు దూరంలో ఆగింది. పోలీసులకు ఈ పద్ధతి తెలియకపోవడం ఎంత నయమో అనుకున్నాను.

సాయంత్రం అసలు పరీక్ష పెట్టారు. టార్పాలిన్ తీసి నన్ను విమానంలో వెనక సీట్లో ఎక్కించి, తోలు టోపీ ఒకటి తగిలించారు. దాని చెవుల దగ్గర నుంచి రబ్బరు గొట్టం ముందు సీటు దాకా ఉంది. ముందు కూర్చున్న గురువు గొట్టంలో మాట్లాడితే వెనకున్న శిష్యుడికి వినిపిస్తుంది. శిష్యుడు మాట్లాడితే గురువుకు వినిపించదు, ఆ ఏర్పాటే లేదు. (మామగార్లందరికీ ఇలాంటిదొకటి సరఫరా చెయ్యవచ్చు.) మావయ్య తను కూడా చెవులు మూసే తోలు టోపీ ఒకటి పెట్టుకుని ముందు సీట్లో సర్దుకుని కూర్చున్నారు. నాకు ఆయన వీపు తప్ప ఏమీ కనబడదు. కొంతసేపు ఊపిరి చప్పుడు, తరవాత నా చెవిలో ఆయన గొంతు, ఎదురుగా ఎప్పుడూ వినని మెత్తటి గొంతు.

"బాబు. నీ కాళ్ళ మజ్జన కర్రుంది సూడు. నా కాడా ఒకటుంది. రెండిటికీ అడుగున ముడి. నువ్వటు తోస్తే నాదీ అటే ఎల్తాది. ఇప్పుడొకటి అడుగుతాను, నోటితో సెప్పకు. మా పిల్లంటే నీకిష్టమయ్యి వొస్తన్నావా, మీ అమ్మమ్మ పంపితే వొస్తన్నావా? ఇష్టమైతే ముందుకి తోయ్. లేదంటే ఎనక్కి లాగు. నాను తిరిగి సూడను."

ఇంత సులువైన ప్రశ్న నా జీవితంలో ఎవరూ అడగలేదు. కానీ ఆ సీటు లోతుగా ఉంది, ముందుకు జరుగుదామని పట్టుకోవడానికి ఏదీ దొరక్క ఆ కర్రనే పట్టుకుని లేవబోయాను. అది సాఫీగా వెనక్కి వచ్చేసింది. గొట్టంలో ఊపిరి ఆగిపోయింది. ముందు సీట్లో ఆయన భుజాలు కుంగడం చూశాను. "కాదు మావయ్యా, కాదు" అని అరుస్తున్నాను, ఆయనకేమో చెవుల మీద టోపీ, నా మాట చేరవేసే గొట్టం లేదు, ఏదీ వినిపించదు. అప్పుడు రెండు చేతులతో ఉన్న బలమంతా పెట్టి ముందుకు తోశాను. అవతల టంగుమని ఏదో తగిలింది.

"సెరి సెరి. ఇరగ్గొట్టకు. దాతోది" అంది నా చెవిలో గొంతు.

అలా ఆ విషయం తేలింది గానీ, గదికి వెళ్ళగానే రెండోది మొదలైంది. అమ్మమ్మ నివేదిక కోసం సుంగై సిపుట్ నుంచి స్వయంగా వచ్చి నా మంచం మీద కూర్చుని ఉంది. నేను నోరు తెరిచేలోపు ముక్కు ఎగబీల్చింది. నా చొక్కా అంతా గోళ్ళరంగు. "నిన్ను కూడా కలిపేసుకున్నాడేట్రా" అంది నీరసంగా. అంత నీరసంగా అమ్మమ్మ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఏమీ లేదన్నాను. అక్కడేం చూశావంటే చెప్పనన్నాను. సత్యం చేశానన్నాను. అది ఇంకా ముప్పు. "సత్యం సేయించుకున్నాడంటే అది సిన్న ఎవ్వారం కాదు" అని తేల్చి, సంబంధం వద్దని చెప్పడానికి ఆ వారమే వాళ్ళింటికి వెళ్తానంది. ఇంకొక్క ఆదివారం ఆగమని కాళ్ళు పట్టుకున్నాను. ఆగింది గానీ, నా గదిలోనే మకాం వేసింది.

ఇది చాలదన్నట్టు మధ్యలో ఒకరోజు ఆ పిల్ల పసర్‌లో, అంటే మా బజారులో, చేపల దుకాణం ముందు నన్ను నిలేసింది.

"మా నాన్న ఆదివారం మీ కూడా ఎక్కడికెల్తన్నారు?"

"నాకు తెలీదు."

"ఇద్దరి కాడా ఒకటే వాసన లా. ఇంటికొచ్చి కూనిరాగం తీస్తన్నారు. మా నాన్న ఎప్పుడూ పాడరు. మీరేటి తాగిస్తన్నారు?" (మాట చివర "లా" తగిలించడం మా దేశంలో అందరి అలవాటు.)

"సత్యంగా నేను..." అని మొదలుపెట్టి, సత్యం అన్న మాటే నా కొంప ముంచుతోందని గుర్తొచ్చి ఆపేశాను. ఆ పిల్ల నన్ను పైనుంచి కింది దాకా ఒకసారి చూసి వెళ్ళిపోయింది. కాఫీ ఇచ్చినప్పుడు చూసిన చూపు కాదది. ఆ రోజు గదిలో కూర్చుని నిజంగా బాధపడ్డాను. ఒక మంచి మనిషి గుట్టు కాపాడుతున్నందుకు ఆయన కూతురే నన్ను తాగుబోతనుకుంటోంది. ఇంత అన్యాయం ఇంకెక్కడా జరగదనిపించింది.

ఆదివారం మేమిద్దరం రెక్కకు అటూ ఇటూ కూర్చుని కుడుతున్నాం. బయట బండి ఆగిన చప్పుడు. తలుపు తోసుకుని ముందు అమ్మమ్మ గొడుగు వచ్చింది, వెనక అమ్మమ్మ, ఆవిడ వెనక హెల్మెట్టు చేత్తో పట్టుకుని ఆ పిల్ల. నా మీద ఫిర్యాదు చేద్దామని ఆ పిల్ల మా గదికి వెళ్ళిందట. వాళ్ళ నాన్న మీద ఫిర్యాదు చేద్దామని అమ్మమ్మ అప్పుడే చెప్పులేసుకుంటోందట. ఇద్దరూ గుమ్మంలో ఎదురుపడి, విషయాలు పోల్చుకుని, ఒకే బండెక్కి వచ్చేశారు. (మా ఇంట్లో వాళ్ళిద్దరి జట్టు ఆనాటి నుంచీ చెక్కుచెదరలేదు.)

"ఏటిది?" అంది అమ్మమ్మ, ఆ పొడుగాటి తెల్లటిదాన్ని చూసి.

"ఇమానం అమ్మా" అన్నారు మావయ్య, సూది పట్టుకునే లేచి నిలబడి.

అమ్మమ్మ నావైపు తిరిగింది. "నువ్వు సెప్పు."

"విమానమే అమ్మమ్మా."

"ఇద్దరూ ముందే అనుకున్నారు" అని ఆ పిల్లతో చెప్పింది. ఆ పిల్ల మాత్రం అప్పటికే టార్పాలిన్ పక్కకు లాగి, సీట్లూ చక్రాలూ చూసి, నడుం మీద చేతులు పెట్టుకుంది. "అయ్యో కడవుళే. నాన్నా, దీనికా దాసినావు?" అంది. కోపంగానే అంది గానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అమ్మమ్మ అంత సులభంగా వదలలేదు. ద్రావకం పూసి ఆరిన రెక్క ఒకటి గోడకు ఆనించి ఉంటే, దాన్ని కొబ్బరికాయను చూసినట్టే చూసింది. వేలి కణుపుతో కొట్టింది, చెవి ఆనించి వింది, వాసన చూసి తల ఊపింది. ఆఖరికి మావయ్య ముఖంలోకి చూసి, "అబద్దం" అంది. తన చిన్నతనంలో తోట మీదుగా ఇలాంటి రెండు రెక్కల విమానం వెళ్ళేదట. చెట్లకు తగులుతుందేమో అన్నంత కిందుగా వెళ్తుంటే రబ్బరు పాలు తీసే ఆడవాళ్ళందరూ బకెట్లు వదిలేసి కూర్చుండిపోయేవారట. "నాను కళ్ళారా సూసినాను. అది పసుప్పచ్చగుండేది. ఇది తెల్లగుంది. నన్ను మోసం సేద్దారనేటి?"

మావయ్య ముఖం వెలిగిపోయింది. మూలకెళ్ళి ఒక డబ్బా తెచ్చి మూత తీశారు. నిండా పసుపుపచ్చ రంగు. నేర్చుకునేవాళ్ళ విమానాలు దూరానికి కూడా కనబడాలని అలాంటి రంగే వేసేవారట, దాతో కూడా అదే వెయ్యమన్నాడట. అమ్మమ్మ ఆ డబ్బాలోకి చాలాసేపు చూసింది. ముఖంలో ఏదో సడలింది. ఇంకేముంది గట్టెక్కామనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను, ఆవిడ ఈసారి మేం కుడుతున్న రెక్క వైపు తిరిగింది.

"ఇది కొత్త బట్టే కదా?"

"కొత్తదే అమ్మా."

"మూలలకి పసుపెట్టినావా?"

కొత్త బట్ట ఏదైనా సరే మూలకు కాస్త పసుపు రాయకుండా మా ఇళ్ళల్లో ఎవరూ ఒంటికి తగిలించరు. స్కూలు యూనిఫారానికీ రాస్తారు, ఫ్యాక్టరీ చొక్కాకూ రాస్తారు. "పెళ్ళి మాటలాడతన్న ఇంట్లో ఇన్ని తానుల తెల్లబట్ట, ఒక మూలన్నా పసుపు లేకండా ఈ జంతువుకి సుట్టబెట్టినావా? అనుమానాలు రావద్దంటే ఎలగాగుతాయి మరి?" అంటూ అమ్మమ్మ తన సంచీలోంచి పసుపు పొట్లం తీసింది. (ఆ సంచీలో పసుపు, కత్తెర, అగ్గిపెట్టె ఎప్పుడూ ఉంటాయి. ఎక్కడ ఏ అవసరం పడుతుందో తెలియదని.) సీసాలో నీళ్ళతో అరచేతిలోనే తడిపింది.

అప్పుడు మావయ్య ముఖం నేను చూశాను. నెలల తరబడి కుట్టు కుట్టుకూ కొలత చూసుకుని కుట్టిన బట్ట. కాస్త చెయ్యి మాసినా తుడిచి పట్టుకునేవారు. దాతో చూస్తే ఏమంటాడో. ఆయన ఒకసారి ఆ రెక్క వైపు చూశారు, ఒకసారి తలుపు దగ్గర నిలబడ్డ కూతురి వైపు చూశారు. "పెట్టండమ్మా" అని పక్కకు జరిగారు.

అమ్మమ్మ నాలుగు మూలలకూ పెట్టింది, అందనిచోట నన్ను ఎత్తమంది. చేతులు తుడుచుకుని, "నిశ్చితార్థం ఎప్పుడెట్టుకుందారు?" అంది, ఇన్నాళ్ళూ ఆలస్యం చేసింది మేమే అన్నట్టు. ఆ పిల్ల నావైపు చూసి, "అయితే తాగరా?" అంది. తాగనన్నాను. "నమ్మొచ్చా?" అంది. అది మా పెళ్ళి మాట.

ఆ పసుపు మీద ద్రావకం పూయగానే కరిగి పాకి, మూలలన్నీ దోసెలంత మరకలయ్యాయి. పై వారం దాతో వచ్చి కళ్ళద్దాలు సవరించుకుని వాటిని అనుమానంగా చూశాడట. గోరుతో గీకి వాసన చూసి, "కుఞిత్?" అన్నాడట, అంటే మలయ్‌లో పసుపు. ఇంట్లో పెళ్ళి కుదిరిందండీ అన్నారట మావయ్య. దాతో ఎలాగూ అంతా పసుపే కదా అని వెళ్ళిపోయాడట. మా పెళ్ళికి నాకు నలుగు పెట్టిన వారమే ఆ విమానానికి కూడా ఒళ్ళంతా పసుపు రంగు పడింది.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. అమ్మమ్మ లేదు. పోయేముందు కూడా డాక్టరిచ్చిన మాత్రలను వెలుతురులో పెట్టి చూసుకునే మింగింది. మావయ్యకు వయసైపోయింది, మాట తగ్గింది, చెవులు దాదాపు పోయాయి. మొన్నీమధ్య దాతో కొడుకు తండ్రి సామానంతా ఉన్న హాలుని చూడ్డానికి రమ్మంటే ఆయన్ని తీసుకెళ్ళాం. అక్కడ దీపాల కింద మా విమానం నిగనిగలాడుతూ ఉంది. కింది రెక్క మూలన పసుపు మిగతాచోటు కన్నా కాస్త ముదురుగా ఉందనిపించింది. మా ఆవిడ లేదంది, మా అమ్మాయి ఉందంది. ఎక్కి కూర్చోవచ్చా అని అడిగితే దాతో కొడుకు సరేనన్నాడు. మావయ్యను ముందు సీట్లో కూర్చోబెట్టి, నేను వెనక ఎక్కాను. ఇప్పుడా సీటు లోతుగా లేదు, నా పొట్టే అడ్డొచ్చింది.

ముందు ఆయన వీపు. ఆనాటి వీపు కన్నా చిన్నదైపోయింది. ఎందుకో తెలియదు, ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగని మాట అప్పుడు అడగాలనిపించింది. ఆయనకు వినిపించదన్న ధైర్యమో ఏమో. "మావయ్యా, మీ అమ్మాయిని బాగానే చూసుకుంటున్నానా?" అన్నాను, గట్టిగా కూడా కాదు.

తరవాత నా కాళ్ళ మధ్య కర్ర మెల్లగా వెనక్కి వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది. వెనక్కంటే లేదని కదా. ముందు సీట్లో ఆ చిన్న వీపు చూస్తే భుజాలు కదులుతున్నాయి, ఆయన నవ్వుతున్నారు. అప్పుడు కర్ర ముందుకు వెళ్ళింది, చివరంటా వెళ్ళింది.

మావయ్యకు వినిపించడం అసాధ్యమని మా ఆవిడ అంటుంది. లేవడానికి ఆసరా కోసం కర్ర పట్టుకుని ఉంటారంటుంది, నేనూ ఒకప్పుడు ఆ పనే చేశానని గుర్తు చేస్తుంది. అయి ఉండవచ్చు. కానీ నేను అమ్మమ్మ మనవణ్ణి. నాకు మాత్రం అనుమానమే.